45 లక్షల లోపు ఫ్లాట్: రెండేళ్లు కాపురం చేశాక రాస్తున్న రివ్యూ

హైదరాబాద్ శివార్లలో, బీరంగూడ కమాన్ నుంచి రెండున్నర కిలోమీటర్లు లోపలికి ఉంటుంది మా అపార్ట్‌మెంట్. మూడు బ్లాకులు, స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద ఐదంతస్తులు, మొత్తం 120 ఫ్లాట్లు. 2021 మొదట్లో బుక్ చేసుకున్నాం, 2023 కార్తీకంలో పాలు పొంగించాం. కట్టిన కంపెనీ పేరు రాయడం లేదు. మంచితో పాటు తప్పులు కూడా చెప్పబోతున్నా, పైగా వాళ్లతో ఇంకా కొన్ని పనులు పెండింగ్‌లో ఉన్నాయి. పేరు కన్నా మా బడ్జెట్‌లోనే ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఏం చూడాలో తెలిస్తే చాలు.

ముందు లెక్క చెప్తా, అందరూ అడిగేది అదే కాబట్టి. 995 ఎస్‌ఎఫ్‌టీ, అడుగు 4,300 చొప్పున 42,78,500. పార్కింగ్‌కి లక్షన్నర. కలిపితే 44,28,500. బ్రోచర్‌లో ఉన్న 995లో మేం నడిచే జాగా, అంటే కార్పెట్ ఏరియా, 638 మాత్రమే. మిగతాది గోడలు, బాల్కనీ, మెట్లు, కారిడార్, లిఫ్ట్ కింద పోయింది. ఈ 638 అన్న అంకె మాకు బాగా కలిసొచ్చింది. హైదరాబాద్ లాంటి మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్లు, అంటే దాదాపు 645 అడుగుల కార్పెట్ లోపు ఉండి, మొత్తం ధర 45 లక్షలు దాటకపోతే జీఎస్టీ ఒక శాతమే. దాటితే ఐదు శాతం. మాకు 44 వేలతో అయిపోయింది, లేకపోతే రెండు లక్షల ఇరవై వేలు అయ్యేది. ఈ బిల్డర్ ఆ హద్దు చూసుకుని ప్లాన్ గీయించాడని నాకు తర్వాత అర్థమైంది. అమ్మకం కోసమే చేసి ఉండొచ్చు, అయినా దాని లాభం మాకు వచ్చింది. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం మాత్రం తప్పలేదు, మూడు లక్షల ముప్పై రెండు వేలు.

34 లక్షలు లోన్, నెలకు 29,700 ఈఎంఐ. మిగతాది ఊళ్లో అమ్మ పేరు మీదున్న జాగా అమ్మి, నా పీఎఫ్ తీసి కట్టాం. నాకు పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీలో పని, నా భార్య అమీర్‌పేటలో బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తుంది. ఇద్దరివీ కలిపితే 68 వేలు. అంతకుముందు మూసాపేటలో 15 వేల కిరాయికి ఉండేవాళ్లం.

ఆ మూసాపేట ఇంటి గురించి కొంచెం చెప్పాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి పడిన వాన ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లం. పదకొండింటికి బాత్రూమ్‌లో నుంచి నీళ్లు ఎదురు తన్నడం మొదలైంది, గంటలో మంచం కాళ్లు మునిగాయి. అమ్మని పైఅంతస్తులో ఓనర్ వాళ్లింట్లో కూర్చోబెట్టి, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ సిలిండర్, బియ్యం సంచి మెట్ల మీదకు మోసుకుంటూ తెల్లారేదాకా గడిపాం. ఆ రాత్రి తర్వాత నా భార్య ఒకటే మాట అంది: ఎంత దూరమైనా సరే, ఎంత చిన్నదైనా సరే, నీళ్లు రాని చోటు చూడండి అని. అందుకే ఫ్లాట్లు చూడ్డానికి వెళ్లిన ప్రతిచోటా నేను టైల్స్, కిచెన్ ప్లాట్‌ఫామ్ చూడకుండా వాన నీళ్లు ఎటు పోతాయని అడిగేవాణ్ని. చాలామంది మార్కెటింగ్ కుర్రాళ్ల దగ్గర దానికి జవాబు లేదు.

ఈ సైట్ పక్కన ఒక నాలా ఉంది. పైన ఉన్న కుంట నిండితే అలుగు పారి ఆ నాలా గుండా కింది కుంటకు పోతుంది. మన హైదరాబాద్ చుట్టూ చెరువులన్నీ ఇలా గొలుసుకట్టుగా ఒకదాని నుంచి ఇంకోదానికి పారేవే. మధ్యలో ఎవరో ఒకరు నాలాని పూడ్చి గోడ కట్టేసరికి నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకి రెండు మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్ చెప్తున్నాయి. మా బిల్డర్ ఐదు మీటర్లు వదిలాడు. స్లాబ్ వేసి మూసి దాని మీద పార్కింగ్ చేసుకోలేదు, ఒడ్డుకి రాయి కట్టించి కానుగ చెట్లు పెట్టించాడు. సెల్లార్, అంటే నేల కింద పార్కింగ్ కూడా తవ్వలేదు. సెల్లార్ ఉంటే ఇంకో 40 కార్లు పట్టేవి, అవి అమ్ముకుంటే అతనికే డబ్బులు, కానీ నాలా పక్కన సెల్లార్ తవ్వితే ప్రతి వానకీ మోటార్ పెట్టి తోడుకోవాల్సిందేనని అతని ఇంజనీర్ నాతో నేరుగా చెప్పాడు. ఆ మాటకే నేను అడ్వాన్స్ ఇచ్చాను. రెండు వానాకాలాలు గడిచాయి. మా స్టిల్ట్‌లో ఒక్కసారి కూడా చీలమండ తడవలేదు. అర కిలోమీటర్ ఇవతల నాలాని కుదించిన లేఅవుట్‌లో మాత్రం బైకులు మునిగాయి.

నాకు ఈ ఫ్లాట్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే. రెండోది షాపులు.

రోడ్డు వైపు నాలుగు చిన్న షాపులు కట్టి, వాటిని అమ్ముకోకుండా అసోసియేషన్ పేరు మీద పెట్టాడు. కిరాణా, మెడికల్ షాప్, టైలర్, ఇస్త్రీ. నలుగురి నుంచి నెలకు 46 వేల కిరాయి వస్తుంది. వాచ్‌మెన్ జీతాలు, కారిడార్ లైట్ల కరెంటు బిల్లు దాంతోనే వెళ్లిపోతున్నాయి. అందుకే మా మెయింటెనెన్స్ ఫ్లాట్‌కి 1,600 దగ్గర ఆగింది. పక్కనే క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో మా సైజు ఫ్లాట్‌కే నాలుగు వేల దాకా కడుతున్నారు, అందులో మా కంపెనీలో చేసే ఒకతను మూడు నెలలుగా కట్టలేక అసోసియేషన్ గ్రూప్‌లో పేరు పడితే తలెత్తుకోలేకపోతున్నాడు. 68 వేల ఆదాయంలో 30 వేలు ఈఎంఐకి పోయాక నెలకు రెండున్నర వేల తేడా అంటే మా ఇంట్లో పాల బిల్లు. ఇల్లు కొనగలగడం ఒక లెక్క, కొన్నాక అందులో నిలబడగలగడం ఇంకో లెక్క. ఆ రెండో లెక్క ఎవరూ బ్రోచర్‌లో వేయరు.

లిఫ్టుల సంగతి కూడా ఇందులోదే. కొల్లూరులో ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ చూశారా? 2023 జూన్‌లో ప్రారంభించారు, ఒక్కచోటే 15,660 ఫ్లాట్లు, ఒక్కోటి 560 అడుగులు, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల బ్లాకులు. ఉచితంగా సొంత ఇల్లు దొరకడం ఎంత పెద్ద విషయమో కిరాయి ఇళ్లలో బతికిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అంత ఎత్తు కడితే లిఫ్ట్ తప్పదు, లిఫ్ట్ ఉంటే కరెంటు, రిపేర్లు, పైకి నీళ్లెక్కించే మోటార్లు, ప్రతి నెలా ఎవరో ఒకరు కట్టాలి. రోజు కూలీ చేసుకునే కుటుంబానికి ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నది ప్లాన్ గీసేటప్పుడే తేలాలి. మా అత్తగారి ఊరు సిద్దిపేట. అక్కడ నర్సాపూర్ దగ్గర 2020 డిసెంబర్‌లో ప్రారంభించిన కాలనీలో 2,460 ఇళ్లు, అన్నీ జీ ప్లస్ టూ, అంటే కింది అంతస్తు మీద ఇంకో రెండే. పండక్కి వెళ్లినప్పుడు మా బావమరిది తీసుకెళ్లి చూపించాడు. మెట్లెక్కి పోయేదే, లిఫ్ట్ ఖర్చన్న మాటే లేదు, ముసలివాళ్లు కింద గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు, బజారుకి ఆటో పది నిమిషాలు. చిన్న పట్టణంలో భూమి దొరుకుతుంది కాబట్టి అలా కుదిరింది, హైదరాబాద్‌లో అంత జాగా ఎక్కడిదని అంటారు. నిజమే. అయితే సికింద్రాబాద్ భోయిగూడలో ఐడీహెచ్ కాలనీ కూడా జీ ప్లస్ టూనే, 396 ఇళ్లు, 2015 నవంబర్‌లో ఇచ్చారు. ఊరి నడిబొడ్డున. ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్లకే, అదే జాగాలో పాతవి తీసేసి కొత్తవి కట్టి ఇచ్చారు. వాళ్ల పని పోలేదు, పిల్లల బడి మారలేదు, బస్టాప్ అదే. డబుల్ బెడ్‌రూమ్ పథకంలో మొట్టమొదట కట్టింది అదే, నా దృష్టిలో అన్నిటికన్నా మంచిదీ అదే. తర్వాతవన్నీ ఊరికి దూరంగా పోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎందుకు బాధంటే, దూరం ఖర్చు ఎంతో రెండేళ్లుగా నేనే కడుతున్నా.

మూసాపేట నుంచి నా భార్య అమీర్‌పేటకి అరగంటలో చేరేది. ఇక్కడి నుంచి ముందు కమాన్ దాకా షేర్ ఆటో, ఇరవై రూపాయలు. అక్కడ 218 నంబర్ బస్సు ఎక్కాలి. చందానగర్, మియాపూర్, కూకట్‌పల్లి అన్నీ దాటుకుని వెళ్లేసరికి గంటన్నర, వానపడితే రెండు గంటలు. మేం గృహప్రవేశం చేసిన నెల లోపే, డిసెంబర్ 9న మహిళలకు ఫ్రీ బస్ మొదలైంది. అది రాకపోయి ఉంటే బస్ పాస్ ఖర్చు కూడా ఈఎంఐ మీద పడేది. ఆటోకే నెలకు వెయ్యి దాటుతుంది. పిల్లలిద్దరి స్కూల్ వ్యాన్‌కి 3,600. డబ్బు సంగతి పక్కన పెట్టినా, రాత్రి పదింటికి షాప్ కట్టేసి ఆమె కమాన్ దగ్గర దిగేసరికి పదకొండున్నర. అప్పటికి షేర్ ఆటోలు ఉండవు. నేను నైట్ షిఫ్ట్‌లో ఉంటే మా తమ్ముడు బైక్ మీద వచ్చి తీసుకెళ్తాడు, వాడు లేని రోజున ఆమె ఇంటికి చేరి ఫోన్ చేసేదాకా నాకు టెన్షన్. ఒక మినీ బస్ కమాన్ నుంచి లోపలికి రాత్రి పన్నెండింటి దాకా తిరిగితే ఈ చుట్టుపక్కల వెయ్యి కుటుంబాలకి ఆ టెన్షన్ పోతుంది. బుక్ చేసేటప్పుడు మార్కెటింగ్ అతను "ఓఆర్ఆర్‌కి (ఔటర్ రింగ్ రోడ్డుకి) పది నిమిషాలు" అని పదిసార్లు చెప్పాడు. కారు లేని మాకు ఓఆర్ఆర్ దేనికి? బస్టాప్‌కి ఎంతసేపు అని నేనే అడిగి ఉండాల్సింది, సాయంత్రం ఏడింటికి ఒకసారి ఆ దారిన నడిచి చూసి ఉండాల్సింది. మీరు తప్పకుండా అలా చేయండి.

ఇక తప్పులు. డిసెంబర్ 2022కి ఇస్తామని అగ్రిమెంట్‌లో రాసి పదకొండు నెలలు ఆలస్యం చేశాడు. ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ ఇవ్వాలని రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో ఉంది. మేం ఓ ముప్పై మంది కలిసి వెళ్లి అడిగితే, నెలకు ఎనిమిది వేల చొప్పున కిరాయి ఇచ్చాడు. లెక్క ప్రకారం ఇంకా ఎక్కువ రావాలి, కానీ ఒకపక్క కిరాయి ఒకపక్క బ్యాంకు కడుతూ కొట్లాడే ఓపిక మాలో చాలామందికి లేకపోయింది. నీళ్ల కనెక్షన్ డిపాజిట్ కూడా ఆలస్యంగా కట్టాడు. దాంతో మొదటి ఎండాకాలం బోరు ఎండిపోయి పూర్తిగా ట్యాంకర్ల మీద బతికాం, ఇంటికి నెలకు 1,100 అదనం. తర్వాత లైన్ వచ్చింది, ఇంకుడు గుంతలు కూడా పనిచేసి రెండో ఏడాది బోరు నిలబడింది. మా బాత్రూమ్ బయటి గోడకి చెమ్మ పట్టింది. హ్యాండోవర్ అయిన ఐదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో ముప్పై రోజుల్లో బాగుచేయాలన్నది రూల్. మాకు మూడు నెలలు పట్టింది. చేశాడు, కానీ నాలుగుసార్లు వాళ్ల ఆఫీస్‌కి తిరిగాను.

ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంట్ గురించి రాయకపోతే ఈ రివ్యూకి న్యాయం జరగదు. మా వైపు అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లైన్ ఇంకా లేదు. అందుకని మురుగునీళ్లు శుభ్రం చేసే ప్లాంట్ బిల్డర్ కట్టి ఇచ్చాడు, శుభ్రమైన నీళ్లు ఫ్లష్‌లకి, చెట్లకి పోతాయి. బాగానే ఉంది. అసోసియేషన్ చేతికొచ్చిన మొదటి నెలలో దాని కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం కలిపి చూస్తే అందరికీ కళ్లు తిరిగాయి. మీటింగ్‌లో ఒకాయన లేచి, రాత్రిపూట ప్లాంట్ ఆపేసి నాలాలోకి వదిలేద్దాం, అందరూ అదే చేస్తున్నారు అన్నాడు. చాలామంది తలూపారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, మా అందరికీ ఈఎంఐలున్నాయి. అప్పుడు మా బ్లాక్ మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ లేచి, ఆ నాలా ఎక్కడికి పోతుందో మీలో ఎంతమంది చూశారు, ఆదివారం పొద్దున నాతో రండి అంది. పాతిక మందిమి వెళ్లాం. కింది కుంట దాకా ఒకటిన్నర కిలోమీటర్ నడక. ఒడ్డున ఇద్దరు చేపలు పట్టుకుంటున్నారు, వాళ్లకి అదే జీవనాధారం. పైనున్న లేఅవుట్ల నుంచి వచ్చే మురుగు ఒక మూల అప్పటికే నల్లగా నురగ కట్టి ఉంది. నాకు మూసాపేటలో బాత్రూమ్‌లోంచి ఎదురొచ్చిన నీళ్లు గుర్తొచ్చాయి. ఎవరో పైన వదిలింది కింద ఇంకొకరి ఇంట్లోకి వస్తుంది, ఆ రాత్రి ఆ కింద ఉన్నది మేమే. తర్వాతి మీటింగ్‌లో ప్లాంట్ ఆపకూడదని 71 ఫ్లాట్లు ఓటేశాయి. షాపుల కిరాయిలో మిగిలింది దానికి మళ్లించి, ఇంటికి ఇంకో నూట యాభై వేసుకున్నాం. ఇప్పుడు పైన నేను చెప్పిన 1,600లో అది కూడా ఉంది.

1908లో మూసీ వరద ముంచెత్తాక మన హైదరాబాద్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టుకుంది. వరదను ఆపడానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టుకుంది, ఇరుకు బస్తీల్లో ఉన్నవాళ్ల కోసం బోర్డు ఇళ్లు కట్టింది. ఖైరతాబాద్‌లో ఇప్పటికీ సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు ఉంది. నీళ్లని, ఇళ్లని కలిపి ఆలోచించడం వందేళ్ల కింద ఈ ఊరికి చేతనైన పనే.

కొనబోయేవాళ్లకి కాగితాల గురించి నాలుగు మాటలు, ఎందుకంటే నేను ఇక్కడికి రాకముందు ఒక ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) ఉచ్చులో పడబోయాను. అడుగు 2,400కే, మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి, రెండేళ్లలో ఇల్లు అన్నారు. రెరా నంబర్ ఏదంటే వస్తుందన్నారు. నా భార్య ఒప్పుకోలేదు, నేను ఆమెతో గొడవ కూడా పడ్డాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు కట్టారు. ఈరోజుకీ అక్కడ పునాది లేదు, ఒకతను కూతురి పెళ్లి కోసం దాచిన డబ్బది. 500 చదరపు మీటర్లు దాటిన జాగా అయినా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్ట్ అయినా రెరాలో రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఆ ప్రాజెక్ట్ ఖాతాలోనే ఉంచాలి. ఈ మూడూ తెలిసిన మనిషిని ప్రీ లాంచ్ వాళ్లు ఎక్కువసేపు కూర్చోబెట్టుకోరు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టబోయే ఏరియాలో పది శాతం మున్సిపాలిటీకో, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏకో తనఖా పెట్టించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇందులో ఉండొచ్చని ఇచ్చే కాగితం) తెచ్చుకుంటేనే అవి విడుదలవుతాయి. మీరు చూస్తున్న ఫ్లాట్ ఆ తనఖాలో ఉందేమో నంబర్‌తో సహా అడగండి. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) మ్యాప్ చూడండి, హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో పెట్టారు. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, చిన్నదానికి తొమ్మిది మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. 2024 జులైలో చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక మా అమీన్‌పూర్ మండలంలో కూడా కూల్చివేతలు జరిగాయి. ఆ వారమంతా మా అమ్మ నన్ను రోజూ అడిగింది, మనది సరిగ్గా ఉందా బిడ్డా అని. ఫోన్‌లో మ్యాప్ తెరిచి నాలా ఇది, మన గోడ ఇది, మధ్యలో ఐదు మీటర్లు ఇది అని చూపించాను. అప్పుడు పడుకుంది.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తా. ఆ పోయిన ఒకటి బస్సు దూరానికి, పదకొండు నెలల ఆలస్యానికి. ఇదే బిల్డర్ పక్క జాగాలో రెండో ఫేజ్ మొదలుపెడుతున్నాడు, మా తమ్ముడు చూస్తున్నాడు. ఈసారి ఏడంతస్తులంట, షాపులు ఎనిమిదంట, కానీ అవి అసోసియేషన్‌కి ఇస్తాడో అమ్ముకుంటాడో ఇంకా చెప్పడం లేదు. అది కాగితం మీద పెట్టించుకో, రెరా నంబర్ రానీ, గట్టి వాన పడిన మర్నాడు సైట్‌కి ఇద్దరం వెళ్దాం, అప్పటిదాకా టోకెన్ కూడా ఇవ్వకు అని చెప్పాను.